అనిమే చూడాలంటే ఏది ముందు? తెగని పంచాయితీపై ఒక సమీక్ష

1988 ఏప్రిల్ 16న జపాన్ థియేటర్లలో స్టూడియో జిబ్లీ సినిమాలు రెండు జంటగా విడుదలయ్యాయి. ఒకటి హయావో మియాజాకి తీసిన ‘మై నేబర్ టోటోరో’. పల్లెలో పాత ఇంట్లోకి దిగిన ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఆసుపత్రిలో ఉన్న అమ్మ, పెద్ద చెట్టు తొర్రలో నిద్రపోయే ఓ బొచ్చు జీవి. రెండోది ఇసావో తకహాత తీసిన ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’. 1945లో కోబే నగరం మీద బాంబులు కురిశాక తల్లిని పోగొట్టుకున్న ఓ కుర్రాడు, నాలుగేళ్ల చెల్లెలు ఆకలితో పడే పాట్లు. మొదటిది చూసిన పిల్లలు మళ్లీ మళ్లీ పెట్టమంటారు. రెండోది చూసిన పెద్దలు మళ్లీ ఆ జోలికి పోవడానికి జంకుతారు. ఈ రెంటినీ ఒకే ఆటలో, ఒకదాని వెంట ఒకటి చూపించారు.

‘అనిమే ఎప్పుడూ చూడలేదు, దేనితో మొదలుపెట్టాలి?’ అని ఎవరైనా అడిగితే పదిమంది పది పేర్లు చెప్పడానికి కారణం ఇదే. అనిమే అనేది ఒక జానర్ కాదు. పసిపిల్లల కథ దగ్గర్నుంచి పెద్దలకు మాత్రమే పనికొచ్చే సైకలాజికల్ థ్రిల్లర్ దాకా అన్నీ అందులోనే ఉంటాయి. పైగా ఈ వాదనలో మూడు ప్రశ్నలు కలగాపులగం అయిపోయాయి. మొదట ఏది చూడాలి? దాన్ని ఏ వరుసలో చూడాలి? ఏ భాషలో చూడాలి? ఒకరు మొదటిదానికి జవాబు చెబుతుంటే ఇంకొకరు రెండోదాని మీద కత్తి దూస్తారు. విడదీసి చూస్తే తగవులో సగం అభిరుచులది కాదు. కథ నిడివి ఎంత, అది అర్థం కావాలంటే ముందు ఏమేం తెలిసుండాలి అన్నదే అసలు గొడవ.

కరువు పోయి కుప్పలు పడ్డాయి

జపాన్‌లో పూర్తి నిడివి రంగుల యానిమేషన్ సినిమా 1958లోనే వచ్చింది. తోయే సంస్థ తీసిన ‘హకుజాదెన్’ అది. ఇవాళ మనం అనిమే అని పిలుచుకునే పద్ధతికి పునాది పడింది మాత్రం 1963 జనవరి 1న, ఒసాము తెజుకా ‘ఆస్ట్రో బాయ్’ టీవీలో మొదలైన రోజున. వారం వారం అరగంట కథ ఇవ్వాలి, డబ్బు చాలదు. అందుకని బొమ్మలు తగ్గించారు. నోరొక్కటే కదిపారు, గీసిన బొమ్మల్నే మళ్లీ మళ్లీ వాడారు, నిశ్చలంగా ఉన్న చిత్రం మీద కెమెరాను నడిపించారు. హాలీవుడ్ కార్టూన్లకు అలవాటుపడి వచ్చినవాళ్లు ‘ఇదేంటి, బొమ్మ కదలదే’ అని పెదవి విరవడానికి మూలం అక్కడుంది. ఆ పిసినారితనంలోంచే ఒక శైలి పుట్టుకొచ్చిందని ఒప్పుకోవాలి. కదలిక తగ్గినచోట కంపోజిషన్, మౌనం, గొంతు ఆ పని చేశాయి.

1974లో ‘స్పేస్ బ్యాటిల్‌షిప్ యమాతో’, 1979లో ‘మొబైల్ సూట్ గుండమ్’ వచ్చాక టీనేజీ పిల్లలు, కాలేజీ కుర్రాళ్లు కూడా ప్రేక్షకులయ్యారు. 1980లలో నేరుగా వీడియో క్యాసెట్లకే తీయడం మొదలైంది. 1995 అక్టోబరులో మొదలైన ‘నియాన్ జెనిసిస్ ఇవాంగెలియన్’ పెద్ద విజయం సాధించాక అర్ధరాత్రి స్లాట్లలో పన్నెండు, పదమూడు ఎపిసోడ్ల పొట్టి సీరీస్‌ల పంట పండింది. కొత్తగా చూసేవారికి అసలు తేడా ఇక్కడే ఉంది. ఏళ్ల తరబడి వారం వారం నడిచేది ఒక రకం. మూడు నెలల్లోనో ఆరు నెలల్లోనో ముగిసేది ఇంకో రకం. మొదటి రకంలో ఎపిసోడ్లు వందల్లో ఉంటాయి, రెండో రకం వారాంతం రెండు రోజుల్లో అయిపోతుంది.

జపాన్ బయట చాలాకాలం ఎంపిక అన్న మాటే లేదు, దొరికిందే చూశారు. అభిమానులే సబ్‌టైటిళ్లు వేసుకుని చేతులు మార్చుకున్న వీడియో టేపులే గతి. మన దగ్గర కార్టూన్ నెట్‌వర్క్‌లో ‘పోకెమాన్’, ‘డ్రాగన్ బాల్ జెడ్’, 2004లో వచ్చిన ఆనిమాక్స్ చానల్, తర్వాత తెలుగులోనే మాట్లాడిన డోరేమాన్, షిన్‌చాన్. 2019లో మకోతో షింకాయ్ ‘వెదరింగ్ విత్ యూ’ను థియేటర్లలో వేయమని అభిమానులు ఆన్‌లైన్‌లో సంతకాలు సేకరించాల్సి వచ్చింది. ఆ అక్టోబరులో అది మన దేశంలో విడుదలైంది. 2020లో జిబ్లీ సినిమాలు నెట్‌ఫ్లిక్స్‌కు చేరాయి. ఇప్పుడు దొరకడం కష్టం కాదు, ఏరుకోవడమే కష్టం.

మొదటి అడుగు మీద నాలుగు వర్గాలు

సినిమాతోనే మొదలుపెట్టమనేవాళ్లది మొదటి వర్గం, బలమైనది కూడా. రెండు గంటల్లో కథ ముగుస్తుంది, ముందు ఏమీ తెలియక్కర్లేదు, నచ్చకపోతే పోయేది ఒక సాయంత్రమే. 2001 నాటి ‘స్పిరిటెడ్ అవే’ బెర్లిన్‌లో గోల్డెన్ బేర్‌ను, ఆస్కార్‌ను గెలుచుకుంది కాబట్టి ఆ పేరు అందరి నోటా ముందొస్తుంది. కానీ 86 నిమిషాల ‘టోటోరో’ అంతకన్నా మంచి పరీక్ష. అందులో బస్‌స్టాప్ దృశ్యం గురించి చెప్పుకోవాలి. వాన, చీకటి పడుతోంది. నాన్న బస్సు రాలేదు. అక్క వీపు మీద చెల్లెలు నిద్రపోయింది. పక్కన ఏదో వచ్చి నిలబడుతుంది. గొడుగు అంచు కింద ముందు గోళ్ల పాదాలు మాత్రమే కనిపిస్తాయి. తల మీద ఆకు పెట్టుకుని తడుస్తున్న ఆ జీవికి పిల్ల నాన్న కోసం తెచ్చిన గొడుగు ఇస్తుంది. గొడుగు మీద చినుకుల చప్పుడు వినగానే దానికి ఎక్కడలేని సంబరం. ఒక్క గెంతు గెంతితే చెట్ల మీది నీళ్లన్నీ జలజలా రాలిపడతాయి. ఈ దృశ్యంలో ప్రమాదం లేదు, విలన్ లేడు, మాటలు దాదాపు లేవు. ఇది విసుగనిపించినవారికి జిబ్లీ దారి కాదని అప్పుడే తేలిపోతుంది. ఊపిరి బిగబట్టి చూసినవారికి ఇక ఎవరి సలహా అక్కర్లేదు.

పెద్దల సంగతికొస్తే సతోషి కోన్ పేరు ఇంకా ఎక్కువగా వినిపించాలి. 46 ఏళ్లకే 2010లో కన్నుమూసిన ఆయన నాలుగు సినిమాలు తీశారు. ‘పర్ఫెక్ట్ బ్లూ’ పాటలు మానేసి నటనలోకొచ్చిన అమ్మాయి మతి చెదిరే కథ, పిల్లలకు బొత్తిగా కాదు. ‘టోక్యో గాడ్‌ఫాదర్స్’లో క్రిస్మస్ రాత్రి ముగ్గురు నిరాశ్రయులకు చెత్తలో పసిబిడ్డ దొరుకుతుంది. అనిమే అంటే పెద్ద కళ్లు, రంగుల జుట్టు, అరుపులు అనుకునేవారికి ఇది చాలు.

ఈ వర్గం వాదనకు ఒక చిల్లు ఉంది. సినిమా అన్న ప్రతిదీ విడిగా చూడదగింది కాదు. 2020లో జపాన్ వసూళ్లలో ‘స్పిరిటెడ్ అవే’ను దాటేసిన ‘డీమన్ స్లేయర్: ముగెన్ ట్రైన్’ 26 ఎపిసోడ్ల మొదటి సీజన్‌కు నేరుగా కొనసాగింపు. 2025 సెప్టెంబరులో తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకు వచ్చిన ‘ఇన్ఫినిటీ కాజిల్’ టీవీలో అప్పటికే 63 ఎపిసోడ్లు నడిచిన అదే కథకు ముగింపు ఘట్టాల్లో మొదటి భాగం. పోస్టర్ చూసి ముచ్చటపడి మొదటిసారి వెళ్లినవారికి కత్తులు, మంటలు కనిపిస్తాయి. ఎవరు ఎవరికోసం ఏడుస్తున్నారో మాత్రం అంతుపట్టదు.

రెండో వర్గం క్లాసిక్‌లతో మొదలెట్టమంటుంది. కత్సుహిరో ఒతోమో ‘అకీరా’ (1988), మమోరు ఓషియి ‘ఘోస్ట్ ఇన్ ది షెల్’ (1995), షినిచిరో వతనబె ‘కౌబాయ్ బెబాప్’ (1998). ఇవి చూడకుండా తర్వాతివి చూడటం పునాది లేని చదువు అని వీరి మాట. ఇందులో గౌరవం పాలు ఎక్కువ, ఉపయోగం పాలు తక్కువ. ‘అకీరా’ బొమ్మలు ఇప్పటికీ నోరెళ్లబెట్టిస్తాయి, కథ మాత్రం అప్పటికి ఇంకా సాగుతున్న భారీ కామిక్‌ను రెండు గంటల్లోకి కుదించింది కావడంతో మొదటిసారి గుక్క తిప్పుకోనివ్వదు. ‘బెబాప్’కు మాత్రం మినహాయింపు ఇవ్వాలి. 26 ఎపిసోడ్లు, చాలావరకు ఏ ఎపిసోడ్ కథ ఆ ఎపిసోడ్‌లోనే ముగుస్తుంది. యోకో కన్నో జాజ్ సంగీతం ఒక్కటే సగం పని చేసిపెడుతుంది.

మూడో వర్గం నలుగురూ చూసేదే చూడమంటుంది: ‘నరూటో’, ‘వన్ పీస్’, ‘అటాక్ ఆన్ టైటన్’, ‘డీమన్ స్లేయర్’. ఇదేదో మందమనస్తత్వం అని తీసిపారేయనక్కర్లేదు. కాలేజీ క్యాంటీన్‌లో మాట కలిసేది వీటితోనే. 37 ఎపిసోడ్లలో ముగిసే ‘డెత్ నోట్’ ఈ వర్గం తురుపుముక్క. పేరు రాస్తే మనిషి చచ్చే పుస్తకం ఓ తెలివైన కుర్రాడి చేతికి చిక్కడమనే ఎత్తుగడను ఒక్క వాక్యంలో చెప్పొచ్చు, వినగానే చూడాలనిపిస్తుంది. మధ్యలో 25వ ఎపిసోడ్ తర్వాత పట్టు సడలిందనే ఫిర్యాదు మాత్రం పదిహేనేళ్లకు పైగా వినిపిస్తూనే ఉంది.

నాలుగోది అభిరుచి వర్గం. నీకేం ఇష్టమో చెప్పు, దానికి తగ్గది చెబుతాం అంటారు. ఆటలంటే వాలీబాల్ కథ ‘హైక్యూ’, యుద్ధ చరిత్ర అంటే ‘విన్‌లాండ్ సాగా’, ప్రశాంతంగా కావాలంటే ‘ముషిషి’. మర్యాదైన పద్ధతే, కానీ అందులో మొహమాటం ఎక్కువ. తెలిసిన రుచినే మళ్లీ వడ్డిస్తే కొత్త మాధ్యమం ఇచ్చే వింత అనుభవం చేజారుతుంది. షోనెన్, సెయినెన్ లాంటి లేబుళ్లను జానర్లుగా పొరబడటం ఇంకో చిక్కు. అవి ఆ కామిక్ ఏ వయసు పాఠకుల పత్రికలో వచ్చిందో చెప్పే గుర్తులు. కథ స్వభావాన్ని అవి చెప్పవు.

పక్కపక్కన పెట్టి చూస్తే, తీరిక తక్కువ ఉన్నవారికీ, ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేవారికీ సినిమా వర్గం సలహా బాగా పనికొస్తుంది. సినిమా చరిత్ర అంటే ఆసక్తి ఉన్నవారికి క్లాసిక్‌లు. స్నేహితులతో కలిసి చూసేవారికి జనం మెచ్చినవి. అభిరుచి వర్గం సలహా మొదటి అడుగుకన్నా మూడో, నాలుగో అడుగుకు బాగా సరిపోతుంది.

జవాబుగా పుట్టిన కథలు

ఈ నాలుగు వర్గాలూ పెద్దగా పట్టించుకోని విషయం ఒకటుంది. కొన్ని గొప్ప అనిమేలు అంతకుముందు వచ్చినవాటికి జవాబులు. హిదెయాకి అన్నో ‘ఇవాంగెలియన్’లో పద్నాలుగేళ్ల కుర్రాణ్ని తండ్రి పిలిపించి రాకాసి యంత్రంలోకి ఎక్కమంటాడు. వాడు ఎక్కనంటాడు. అంతకుముందు రెండు దశాబ్దాలుగా రోబో కథల్లో పిల్లలు ఎగిరి గంతేసి ఎక్కేవారని తెలిసినవారికి ఆ నిరాకరణ చెంపదెబ్బలా తగులుతుంది. తెలియనివారికి వాడొక పిరికి పిల్లాడు, అంతే. చివరి రెండు ఎపిసోడ్లు కథను వదిలేసి పాత్రల మనసుల్లోకి దూరిపోయాయి. 1997లో ‘ది ఎండ్ ఆఫ్ ఇవాంగెలియన్’ మరో ముగింపు ఇచ్చింది. 2007 నుంచి 2021 దాకా నాలుగు సినిమాలుగా కథను మళ్లీ చెప్పారు. ఎవరైనా తెలిసీ తెలియక ఆ నాలుగింటితో మొదలెడితే, మూడోదానికి వచ్చేసరికి దారి తప్పడం ఖాయం.

2011 నాటి ‘మదోకా మాజికా’ కూడా అంతే. పన్నెండు ఎపిసోడ్లు, ముద్దులొలికే బొమ్మలు. మంత్రశక్తులున్న ఆడపిల్లల కథల సంప్రదాయం మూడో ఎపిసోడ్‌లో తలకిందులవుతుంది. ఏది తలకిందులైందో తెలియాలంటే నిటారుగా ఉన్నది ముందు చూసుండాలి కదా అని ఒక పక్షం. ఆ సంప్రదాయం ఓనమాలు తెలియనివాళ్లు కూడా ఇది చూసి అదిరిపోయారు, కథలో బలముంటే పూర్వజ్ఞానం అక్కర్లేదని ఎదుటి పక్షం. ఈ రెండో మాట ‘మదోకా’ విషయంలో నిజం, ఎందుకంటే అది తాను కూల్చబోయేదాన్ని మొదటి రెండు ఎపిసోడ్లలో తానే కట్టి చూపిస్తుంది. ‘ఇవాంగెలియన్’ ఆ శ్రమ తీసుకోదు. అందుకే దాన్ని మూడో నాలుగో సీరీస్‌గా చూడటం మేలు.

వరుస తగవులు

పొట్టి కథల్లో వరుస సమస్య రాదు. వచ్చేదల్లా కామిక్ ఇంకా సాగుతుండగా టీవీకెక్కిన పొడుగాటి కథల్లోనే. మూలకథను అనిమే అందుకోగానే నిర్మాతలకు ఉన్న దారులు మూడు: సొంత ముగింపు రాసుకోవడం, సొంత ఎపిసోడ్లతో కాలక్షేపం చేయడం, నత్తనడక నడవడం.

మొదటిదానికి ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’ సాక్షి. హిరోము అరకావా కామిక్ పూర్తి కాకముందే 2003లో 51 ఎపిసోడ్ల సీరీస్ వచ్చి, సగం తర్వాత సొంత దారి పట్టింది. 2009లో ‘బ్రదర్‌హుడ్’ పేరుతో మూలకథను అనుసరిస్తూ 64 ఎపిసోడ్లు తీశారు. సాధారణంగా అందరూ ‘బ్రదర్‌హుడ్’ చాలంటారు. కానీ గమనించాల్సిందొకటి ఉంది. కథలో అందరికీ ఆప్తుడైన ఒకరి మరణం మొదటి సీరీస్‌లో 25వ ఎపిసోడ్‌లో వస్తుంది, ‘బ్రదర్‌హుడ్’లో 10వ ఎపిసోడ్‌లోనే. ప్రేక్షకులకు ఈ భాగం అప్పటికే తెలుసన్న ధీమాతో రెండోసారి పరుగులు పెట్టారు. అంటే ఆ మనిషితో కొత్త ప్రేక్షకులకు పరిచయం కుదిరేలోపే చావు కబురు అందుతుంది. మొత్తం మీద ‘బ్రదర్‌హుడ్’దే పైచేయి, మొదటి భాగంలో మాత్రం పాతదే మెరుగు.

రెండోదానికి ‘నరూటో’. మొదటి సీరీస్ 220 ఎపిసోడ్లలో 135 దాటాక దాదాపు చివరిదాకా మూలకథలో లేనివే. మన డైలీ సీరియల్‌లో పెళ్లి ముహూర్తం మూడు నెలలు సాగడం చూసినవారికి ఇది కొత్తేం కాదు. ఏవి వదిలేయొచ్చో చెప్పే జాబితాలు అభిమానులు ఏనాడో తయారుచేశారు, నిస్సంకోచంగా వాడుకోవచ్చు. మూడోదానికి 1999 నుంచి నడుస్తూ 1,100 దాటిన ‘వన్ పీస్’. నడక ఎంత నెమ్మదించిందంటే, సాగదీతను కత్తిరించి ‘వన్ పేస్’ పేరుతో అభిమానులే సొంత ఎడిటింగ్ మొదలుపెట్టారు.

ఇక తీయడంలోనే తికమక పెట్టినవి ఉన్నాయి. 2006లో ‘హరుహి సుజుమియా’ ఎపిసోడ్లను కావాలనే వరుస తప్పించి ప్రసారం చేశారు. 2009లో కాలక్రమంలో వేస్తూ, మధ్యలో ఒకే కథను చిన్నచిన్న తేడాలతో ఎనిమిది వారాలు చూపించారు. ‘ఫేట్’ కుటుంబంలో ‘ఫేట్/జీరో’ కాలంలో ముందుది, రాసిన క్రమంలో తర్వాతది. దానితో మొదలెడితే ‘ఫేట్/స్టే నైట్’ రహస్యాలు ముందే బయటపడతాయి. అయినా మొదటి మెట్టుగా దాన్నే సూచించేవారు సగం మంది ఉంటారు, అది బాగా తీసిందని. రెండు వాదనలూ సబబే. అనుమానం వస్తే విడుదలైన క్రమం పట్టుకుంటే నష్టం తక్కువ.

మార్కుల మాయ

‘మైఅనిమేలిస్ట్’ లాంటి సైట్లలో పది మార్కులకు ఎన్ని వచ్చాయో చూసి ఎంచుకోవడం తేలిక పద్ధతి. పై వరుసల్లో రెండో, మూడో సీజన్లు ఎందుకు గుమిగూడతాయో ఆలోచిస్తే లోపం తెలుస్తుంది. మొదటి సీజన్ నచ్చనివాళ్లు మూడోది చూడరు, చూడనివాళ్లు మార్కులేయరు. మిగిలేది వీరాభిమానులు. ‘గింతమ’ తర్వాతి సీజన్లు ఏళ్లుగా అగ్రస్థానాల్లో ఉన్నాయి. మొదటి 201 ఎపిసోడ్లు చూడనివారికి ఆ జోకుల్లో సగం తగలవు. ఏళ్లపాటు మొదటి స్థానంలో ఉన్న ‘బ్రదర్‌హుడ్’ను దాటిన ‘ఫ్రీరెన్’ (2023) మాత్రం 28 ఎపిసోడ్ల మొదటి సీజన్ కావడం వల్ల కొత్తవారికీ పనికొచ్చే అరుదైన కేసు. రాక్షసరాజును చంపి వీరులు తిరిగొచ్చిన తర్వాత మొదలయ్యే కథ అది.

భాష సంగతి

జపనీస్ గొంతులతో చూడాలా, డబ్బింగా అన్న వాదన ఇంగ్లిష్ ప్రపంచంలో స్వచ్ఛత చుట్టూ తిరుగుతుంది. దానికి చరిత్ర ఉంది. మియాజాకి ‘నౌసికా’ను 1985లో అమెరికాలో పేరు మార్చి, ఇరవై నిమిషాలకు పైగా కోసేసి విడుదల చేశారు. ఆ చేదు అనుభవంతో తర్వాత తమ సినిమాల్లో ఒక్క ఫ్రేమూ కోయనివ్వమని జిబ్లీ పట్టుబట్టింది. మరోవైపు ‘బెబాప్’ ఇంగ్లిష్ డబ్బింగ్ మూలానికి తీసిపోదని సబ్‌టైటిళ్ల వీరాభిమానులే ఒప్పుకుంటారు.

తెలుగు ఇళ్లలో ప్రశ్న వేరు. స్వచ్ఛత కన్నా ముందు, పరుగెత్తే ఇంగ్లిష్ అక్షరాలను చదువుకుంటూ బొమ్మ చూడగలరా అన్నది అసలు విషయం. పదేళ్ల పిల్లలకు, అమ్మమ్మలకు అది సాధ్యం కాదు. అందుకే అనిమే స్ట్రీమింగ్ వేదిక క్రంచీరోల్ ‘సోలో లెవెలింగ్’ లాంటివి తెలుగులో ఇవ్వడం మొదలుపెట్టడం చిన్న మార్పేం కాదు. యుగో సాకో, కోయిచి ససకి, రామ్మోహన్ కలిసి తీసిన ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ 2025 జనవరిలో తెలుగులోనూ థియేటర్లకు వచ్చింది. కథ తెలిసిందే కావడంతో కళ్లు బొమ్మ మీదే నిలుస్తాయి. జపాన్ చిత్రకారులు అడవిని, ఆకాశాన్ని ఎలా వేస్తారో గమనించడానికి పెద్దవాళ్లకు ఇంతకన్నా సులువైన దారి దొరకదు. అయితే తెలుగులో దొరికేవాటిలో పోరాట కథలదే పెద్ద వాటా. డబ్బింగ్‌నే నమ్ముకుంటే ‘ముషిషి’ లాంటివి కంటపడవు.

ఇంకా తేలనివి

ఎన్ని ఎపిసోడ్లకు వదిలేయొచ్చు? మూడు చూసి తేల్చుకోమన్నది వాడుకలో ఉన్న సూత్రం. పన్నెండు ఎపిసోడ్ల కథకు మూడు అంటే నాలుగో వంతు, న్యాయమే. 24 ఎపిసోడ్ల ‘స్టైన్స్ గేట్’ సగం దాకా నింపాదిగా నడిచి ఆ తర్వాత పుంజుకుంటుంది. మూడింటికే లేచిపోయినవారు అసలు కథ చూడనట్టే. అలాగని ‘వంద ఎపిసోడ్లు ఓపిక పట్టు, తర్వాత బాగుంటుంది’ అనే సలహాను ఎందుకు పాటించాలో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు.

పిల్లల వయసు విషయంలో గందరగోళం ఇంకా ఎక్కువ. యోషితో ఉసుయి ‘షిన్‌చాన్’ పెద్దల వారపత్రికలో మొదలైన కామిక్. మన దగ్గర పిల్లల చానల్‌లో వచ్చి, 2008లో అభ్యంతరాలతో ఆగి, కత్తెర్లు పడ్డాక మళ్లీ వచ్చింది. ‘మేడ్ ఇన్ అబిస్’లో బుగ్గలు ఉబ్బిన పసివాళ్లను చూసి పిల్లలకు పెట్టిన తల్లిదండ్రులు కొన్ని ఎపిసోడ్ల తర్వాత బిత్తరపోక తప్పదు. బొమ్మ తీరును బట్టి వయసు నిర్ణయించడం అనిమేలో చెల్లదు. ప్లాట్‌ఫామ్‌లు ఇచ్చే వయసు గుర్తులు మాత్రం హింసనీ, నగ్నత్వాన్నీ లెక్కిస్తాయి తప్ప ‘ఫైర్‌ఫ్లైస్’లోని దుఃఖానికి వాటి దగ్గర కొలత లేదు.

పొడుగాటి కథల విషయంలో మరో చిక్కుముడి ఈమధ్యే చేరింది. ‘వన్ పీస్’ను మొదటినుంచి మళ్లీ తీస్తున్నట్టు 2023 చివర్లో ప్రకటించారు. పని విట్ స్టూడియోది, చూపేది నెట్‌ఫ్లిక్స్. ఇంకా మొదలుపెట్టనివారు దానికోసం ఆగాలా, పాతదాన్నే పట్టుకోవాలా అన్న దానిమీద పాత అభిమానులు అప్పుడే రెండుగా చీలిపోయారు. పాతదే చూడాలనేవారికి పాతికేళ్ల గొంతుల మీద మమకారం, ఆగమనేవారికి సాగదీత తప్పుతుందన్న ఆశ. ఎయిచిరో ఓడా 1997లో మొదలుపెట్టిన మూలకథ ముగింపు దశలో ఉందంటున్నారే కానీ ముగియలేదు. కాబట్టి ఏ పక్షం మాట విన్నా చివరి ఎపిసోడ్ ఎప్పుడొస్తుందో తెలియకుండానే ఓడ ఎక్కాలి.